మొలల సాక్ష్యం

దానమ్మకు రోత అంటే ఏమిటో తెలియదని ఉప్పల్‌లో ఆమె పనిచేసే నర్సింగ్‌హోంలో అందరూ అనేవాళ్ళు. పదిహేడేళ్ళుగా పన్నెండు మంచాల బెడ్‌పాన్‌లు ఎత్తి కడిగిన ఆయా ఆమె. వాంతులు, చీము, బాలింతల బట్టలు, కుళ్ళిన పుళ్ళు, ఏది చూసినా కొంగు ముక్కు దాకా పోయేది కాదు. కొత్తగా చేరిన నర్సుపిల్లలు గుమ్మంలోనే ఓక్ ఓక్ అంటుంటే, "జరుగుండ్రి బిడ్డా, ఇదేమన్న పులా, మీద వడనీకి?" అని నవ్వుకుంటూ పని కానిచ్చేది. అలాంటి దానమ్మకు, తొంభై రెండో సంవత్సరం నవంబరులో ఒక ఆదివారం పొద్దున, నాచారంలో తను ఉండే అద్దె ఇంటి వెనక, సండాసు గోడ పక్కన కడుపులో దేవింది.

కారణం మొగుడి డ్రాయరు. అబ్బయ్య ఆరు నెలలుగా తన లోపలి బట్టలు తానే ఉతుక్కుంటున్నాడు. తెల్లారకముందే లేచి, సబ్బు పట్టుకుని పోయి, ఉతికి ఆరేసి వచ్చి కూర్చునేవాడు. పక్కింటి సుబ్బులు అది చూసి, "నీ నసీబు మంచిగున్నది వదినా, మా ఆయన తాగిన గిలాస గూడ తియ్యడు" అని మెచ్చుకుంది. దానమ్మ మురిసిపోయింది కూడా. థూ, ఏం మురిపెం! ఆ రోజు నల్లా రాలేదు. ఉతుక్కోవడానికి నీళ్ళు లేక అబ్బయ్య దాన్ని పాత పేపర్లో చుట్టి, గోడ వెనక ఇటుకల సందున దాచిపెట్టాడు. వీధికుక్క ఈడ్చుకొచ్చి సండాసు ముందర పడేసింది.

దానమ్మ కుక్కను అదిలించి, పుల్లతో ఎత్తి చూసింది. మొలల రక్తం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఎర్రగా, విడిగా, చుక్కలుగా పడుతుంది, వాసన ఉండదు. ఇది అది కాదు. నల్లబడిన రక్తం, గంజిలాంటి జిగట, రెండూ కలిసిపోయి అట్టలు కట్టాయి. ఇక ఆ వాసన! ఆరేళ్ళ కిందట నాలుగో నంబరు మంచం మీద సత్యనారాయణమూర్తిగారని ఒక గుమాస్తా ఉండేవాడు. జిగట విరేచనాలని చేరాడు. ఆయన బెడ్‌పాన్ ఎత్తిన రోజు కూడా ఇదే కంపు. లోపలెక్కడో మాంసం కుళ్ళుతుంటే వచ్చే కంపు. పట్నం పెద్ద దవాఖానాకు పంపిస్తే అక్కడ పేగులో క్యాన్సర్ అన్నారు. నాలుగు నెలలు బతికాడు.

దానమ్మ దాన్ని మళ్ళీ ఆ పేపర్లోనే చుట్టి, పుల్ల పారేసింది.

అసలీ భాగోతం ఏడాది కిందట మొదలైంది. అబ్బయ్యది సీసాల మూతలు చేసే కంపెనీలో ప్యాకింగు పని. యాభై రెండేళ్ళవాడు, పొడుగు మనిషి, మాటకు ముందొకసారి దగ్గే అలవాటు. దొడ్డికి పోతే రక్తం పడుతోందని ఒకరోజు మెల్లగా చెప్పాడు. కంపెనీ డిస్పెన్సరీలో కాంపౌండరు కుర్చీలోంచి లేవకుండానే ట్యూబు మందు చేతిలో పెట్టాడు. అది పనిచేయకపోతే ఉప్పల్ బస్టాప్ ఎదురుగా చిదంబరం దగ్గరికి పోయాడు. 'మొలలు, భగందరం, కోత లేదు, నొప్పి లేదు' అని చిదంబరం బోర్డు బస్సులోంచి కూడా కనిపించేది. ఆ మహానుభావుడు అబ్బయ్యను వంగోబెట్టి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బారెడు దూరం నుంచి టార్చిలైటు వేసి, "మొలలే" అని తేల్చేశాడు. బూడిదరంగు పొడి ఇరవై ఒక్క పొట్లాలు కట్టిచ్చి, వంకాయ మానేయమన్నాడు. వంకాయ ఏం పాపం చేసిందో!

పొట్లాలు అయిపోయే వారంలోనే వాళ్ళు పోయే చర్చి సంఘంలో కొత్త సంవత్సరపు ఉపవాస కూటాలు ముగిశాయి. పాస్టరు సామ్యేలుగారు అబ్బయ్య తలకు నూనె రాసి ప్రార్థన చేశారు. రక్తం ఆగింది. ఆ మాయదారి జబ్బు మధ్యమధ్యలో అలా ఆగి మళ్ళీ వస్తుందని అప్పుడెవరికీ తెలియదు. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. దేవుడు మేలు చేస్తే కడుపులో దాచుకోకూడదు, ఆదివారం అందరి ముందర నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఒకసారి చెప్పాక నువ్వు బాగుపడినవాడివే, ఇక నిన్నెవరూ ఎలా ఉందని అడగరు. అబ్బయ్య నిలబడ్డాడు. "ఆపరేషన్ లేదు, గోలీ లేదు, ప్రభువే ముట్టిండు" అన్నాడు. చిదంబరం పొట్లాల ఊసు ఎత్తలేదు.

పాస్టరుగారికి ఆ సాక్ష్యం తెగ నచ్చింది. రామంతాపూర్‌లో ఎవరింట్లోనో ప్రార్థన కూటం పెడితే అబ్బయ్యను వెంటబెట్టుకుపోయి చెప్పించారు. అంబర్‌పేట్‌లో చెప్పించారు, లాలాపేట్‌లో చెప్పించారు. పాతికేళ్ళు డబ్బాల్లో మూతలు సర్దిన మనిషికి, ముప్ఫైమంది నోళ్ళు తెరుచుకుని వింటుంటే కాళ్ళు నేలమీద నిలవలేదు. సంఘపెద్దను చేసి ముందు వరసలో కుర్చీ వేశారు. పోకిరీలు చాటున 'మొలల అబ్బయ్య' అని పిలుస్తుంటే దానికీ పొంగిపోయేవాడు.

ఆ ఆదివారం కూడా అబ్బయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. దానమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని మొగుడి వీపునే చూసింది. ప్రసంగంలో ఒక్క ముక్క చెవికెక్కలేదు. ప్యాంటు వెనక వైపు బెల్టు కింద గుడ్డ ముడతలు పడి కుచ్చిళ్ళలా ఉంది. ఎప్పుడు ఇంత చిక్కిపోయాడు? అడిగితే ఉపవాసాలన్నాడు. తను నమ్మేసింది.

ఇంటికి రాగానే తలుపు గడియపెట్టి, పేపరు పొట్లం ఆయన ముందర పెట్టింది.

"ఏందయ్యా ఇది?"

అబ్బయ్య ముఖం పాలిపోయింది. "యాడ దొరికింది?"

"కుక్క తెచ్చిచ్చింది. ఎన్ని దినాల సంది?"

"మెల్లగ మాట్లాడే. సుబ్బులు ఇంటది."

"ఎన్ని దినాల సంది అంటే!"

అబ్బయ్య దగ్గాడు. "మే నెల సంది."

"మే తర్వాత ఎన్ని కూటాలల్ల సాక్ష్యం చెప్పినవ్?"

"నాలుగు."

"రగతం కార్సుకుంటనా?"

"గుడ్డ వెట్టుకొని పోయిన."

పుల్లతో ఎత్తినప్పుడు కూడా పుట్టనంత కంపరం ఆ మాటకు పుట్టింది దానమ్మకు. లోపల గుడ్డ కుక్కుకుని, పైన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ప్రభువు ముట్టిండని నలుగురి ముందర చేతులెత్తి చెప్పి, ఇంటికొచ్చి దొంగలాగా ఉతుక్కున్నాడు. ఇదా తను ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి? ఉమ్మేయాలనిపించింది. ఉమ్ము మింగి, నర్సింగ్‌హోంలో డాక్టరమ్మ అడిగే ప్రశ్నలే అడిగింది.

"దినానికి ఎన్నిసార్లు పోతున్నవ్?"

"ఏడెనిమిదిసార్లు. పోయొచ్చినా మళ్ల వస్తున్నట్టే ఉంటది. పోయి కూసుంటే జర జిగట, జర రగతం. ఇంకేం రాదు."

"వచ్చినప్పుడు ఎట్లొస్తది?"

"ఛీ, గది గూడ అడుగుతవానే?"

"అడుగుత. చెప్పు."

"సన్నగ. పెన్సిలు లెక్క."

దానమ్మ ఆ పొట్లాన్ని గోడవారకు జరిపింది. "ఇవి మొలలు గావు. గురువారం మా నర్సింగ్‌హోంకు పెద్ద సర్జన్ వస్తడు. నువ్వు రావాలె."

"నేను రాను. సాక్ష్యం చెప్పినోన్ని. ఇప్పుడు మళ్ల రగతం పోతుందంటే దేవున్ని అబద్ధికున్ని జేసినట్టయితది."

"దేవుడేం అబద్ధం ఆడిండు? ఆడింది నువ్వు."

"నువ్వు పనిజేసే కాడ, ఆ పోరిల ముందల బట్టలిప్పి పండుకోవాల్నా? ఇజ్జత్ ఉండాలె మనిషికి. అయినా మొలలు గావని చెప్పనీకి నువ్వేమన్న డాక్టరువా? సండాసు కడిగేదానివి."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది.

"సండాసు కడిగేదాన్ని గనకనే నాకు ఎరుకైంది" అంది. "తెల్లబట్టలోల్లు ఒక్కరు గూడ ముక్కు దగ్గరికి రానియ్యలే."

రెండు రోజులు బతిమాలింది, తిట్టింది, బువ్వ వండకుండా పడుకుంది. అబ్బయ్య కదల్లేదు. నాలుగో నంబరు మంచం కళ్ళముందు మెదులుతుంటే దానమ్మకు కూర్చుంటే నిలకడ లేదు, నిల్చుంటే నిలకడ లేదు. ఈ మొండిఘటం ఇంకెవరి మాటా వినడు, ఒక్క పాస్టరుగారి మాట వింటాడు. మంగళవారం డ్యూటీ దిగి తిన్నగా ఆయన ఇంటికే పోయింది. చేతిసంచిలో ఆ పేపరు పొట్లం ఉంది.

సామ్యేలుగారు ముందు గదిలో టీ తాగుతున్నారు. టీపాయ్ మీద బిస్కెట్ల పళ్ళెం ఉంది. దానమ్మ పళ్ళేన్ని పక్కకు జరిపి, పొట్లం పెట్టి విప్పేసింది. పాస్టరమ్మ "ఓ ప్రభువా!" అని కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది.

"వందనాలు అయ్యగారు. మా ఆయన సాక్ష్యం తెచ్చిన. సూడుండ్రి."

ఆయన కోప్పడతారనుకుంది. గెంటేస్తారనుకుంది. ఆయన టీకప్పు కింద పెట్టి, పొట్లం వైపే చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇవి మొలలు కాదని ఎట్ల చెప్తున్నవమ్మా?"

దానమ్మ చెప్పింది. జిగట గురించి, పెన్సిలు గురించి, ఏడెనిమిదిసార్ల గురించి, వాసన గురించి, సత్యనారాయణమూర్తిగారి గురించి, ఏదీ వదలకుండా చెప్పింది. పాస్టరుగారు వింటూ వింటూ కిటికీ వైపు తిరిగిపోయారు.

"ఈ మాట సంఘంలో తెలిస్తే..." అని నసిగారు.

ఇదా ఈయన ఫికర్! దానమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సంఘం సంగతి నాకు తెల్వదు అయ్యగారు. నా మొగడు సస్తడు. మీరు చెప్తెనే ఇంటడు. చెప్తరా, చెప్పరా?"

"చెప్తాను. కాని చప్పుడు కాకుండా తీసుకపో."

ఆ సాయంత్రమే వచ్చి అబ్బయ్యకు చెప్పారు. దవాఖానాకు పోవడం పాపమని నేనెప్పుడూ అనలేదే అన్నారు. అవును, అనలేదు. అక్కర్లేదని మాత్రం ఏడాదంతా ఊరూరా చెప్పించారు. దానమ్మ గుమ్మంలో నిలబడి పళ్ళు కొరుక్కుంది గానీ నోరు తెరవలేదు. ముందు మొగుడు బయల్దేరితే చాలు.

సర్జన్ రామచంద్రరావుగారు అరవై దాటిన మనిషి. కోస్తా నుంచి వచ్చి, ముప్ఫై ఏళ్ళు సర్కారు దవాఖానాల్లో కత్తి పట్టి రిటైరయ్యారు. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిదని పేరు.

"ఎవరెవరికి చూపించావయ్యా?" అన్నారు.

అబ్బయ్య కాంపౌండరు సంగతి, చిదంబరం సంగతి చెప్పాడు. పొట్లాల సంగతి మొదటిసారి దానమ్మ ముందర బయటపడింది.

"వాళ్ళలో ఎవరైనా వేలు పెట్టి చూశారా?"

"యాడ సార్?"

"నా ముక్కులో! వెనక నుంచి లోపలికి వేలు పెట్టి చూశారా అని అడుగుతున్నా."

"లేదు సార్."

"ఎడమ పక్కకి తిరిగి పడుకో. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకో."

నర్సుపిల్లలను దానమ్మే బయటికి పంపేసి, ట్రే పట్టుకుని నిలబడింది. అబ్బయ్య గోడకేసి ముఖం పెట్టుకుని ప్రభువా, ప్రభువా అని గొణుగుతున్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి. రామచంద్రరావుగారు గ్లవ్ తొడుక్కుని, వేలికి జెల్లీ రాసుకుని, "భయపడకు, ఊపిరి వదులు" అన్నారు. దానమ్మ గోడగడియారం వైపు చూసింది. మహా అయితే అర నిమిషం పట్టిందేమో. వేలు బయటికి తీస్తే గ్లవ్ కొసన నల్లటి రక్తం, జిగట. గదంతా అదే కంపు.

బయట వరండాలో చేతులు కడుక్కుంటూ ఆయన దానమ్మతో అన్నారు: "మొలలైతే మెత్తగా ఉంటాయి. చాలాసార్లు వేలికి తెలియను కూడా తెలియవు. ఇది రాయిలా ఉంది. అంచులు లేచి మధ్యలో గుంట పడింది. ఎంత లోపల ఉందనుకున్నావు? రెండంగుళాలు. ఏడాది నుంచి వేలికందే దూరంలో కూర్చునుంది, దానమ్మా!"

"అదేనా సార్?"

"ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ కాగితం మీద రాయను. కానీ నీకూ తెలుసు, నాకూ తెలుసు." తువ్వాలు విసిరికొట్టారు. "ఉప్పల్ నుంచి నాచారం దాకా మొలల బోర్డులున్నన్ని పాన్‌డబ్బాలు లేవు. ఒక్క వెధవ ఒక్క గ్లవ్ కొనలేదు."

అర నిమిషం పని! ఆ కాంపౌండరు కుర్చీలోంచి లేవడానికి బద్ధకం. ఆ చిదంబరానికి ముక్కు మీది రుమాలు తీయడానికి రోత. ఈ మనిషికేమో ఇజ్జత్. అందరూ శుభ్రమైనవాళ్ళే, అందరికీ అసహ్యమే, ఆ శుభ్రం మధ్యన కూర్చుని అది హాయిగా పెరిగింది. తనో? ఊళ్ళోవాళ్ళ బెడ్‌పాన్‌లు ఎత్తి చూసిన తను, సొంత మొగుడు బట్టలు దాచి ఉతుక్కుంటుంటే సుబ్బులు ముందర గొప్పలు పోయింది. దానమ్మకు తన మీద తనకే రోత పుట్టి, కుళాయి కింద ముఖం పెట్టి అలాగే ఉండిపోయింది.

పట్నం పెద్ద దవాఖానాలో గొట్టం వేసి చూశారు, చిన్న ముక్క కత్తిరించి తీశారు, కాలేయానికి స్కానింగు చేశారు. కాగితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాతి గురువారం నర్సింగ్‌హోంలో రామచంద్రరావుగారు కాగితం చదివి, కళ్ళజోడు తీసి, దాచకుండా చెప్పారు.

"క్యాన్సరేనయ్యా. కానీ కాలేయానికి పాకలేదు. సోమవారం పెద్ద దవాఖానాలో చేరు. నా శిష్యుడున్నాడు, కోస్తాడు. బతుకుతావనే అనుకుంటున్నాను. మేలో వచ్చుంటే, అనుకుంటున్నాను అనేవాణ్ణి కాదు, బతుకుతావు అనేవాణ్ణి."

"కోస్తే మంచిగయితదా సార్?"

"మరీ కిందికుంది కాబట్టి ఆ దారి మొత్తం తీసేయాలి. కింద కుట్టేస్తారు. పేగును ఇక్కడికి తెస్తారు." ఆయన అబ్బయ్య కడుపు మీద ఎడమ పక్కన వేలితో తాకారు. "ఇక్కడి నుంచి సంచిలోకి పోతుంది. బతికినన్నాళ్ళూ."

అబ్బయ్య ఆ చోటును తానూ ఒకసారి తడుముకున్నాడు. తర్వాత కుర్చీలోంచి లేచేశాడు. "ఛీ ఛీ! కడుపు మీదికెల్లి దొడ్డికా? పియ్యి సంచి కట్టుకొని తిరగాల్నా నేను? గుడిల యాడ కూసోవాలె, కంపెనీల యాడ నిలవడాలె? వద్దు సార్. గంత రోత బతుకు నాకొద్దు. సస్తె సస్త."

దానమ్మ అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉంది. ఆయా ఎప్పుడూ డాక్టరు గదిలో గొంతు పెంచకూడదు. ఆ రోజు పెంచింది.

"సావు. ఇస్త్రీ అంగీ ఏసుకొని మంచిగ సావు. ఇగో, నా చేతులు సూడు. పదిహేడేండ్ల సంది ఊరోల్ల పియ్యి ఎత్తినయ్ ఇవి. ఇంటికొచ్చి ఇవే చేతులతోని బువ్వ వండితె తిన్నవ్. ఒక్కనాడన్న ఛీ అన్నవా? ఇయ్యాల నీది నీకే రోతయ్యిందా? ఆ సంచి నువ్వు ముట్టకు. నేను కడుగుత. పొద్దుకు పదిసార్లు కడుగుత. నువ్వు బతుకయ్యా! నాకు నువ్వు కావాలె!"

చివరి మాట అరుపులా వచ్చింది. తలుపు అవతల నర్సుపిల్లలు గప్‌చుప్ అయిపోయారు. రామచంద్రరావుగారు కాగితాల్లో తల దూర్చారు. అబ్బయ్య మళ్ళీ కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని భోరుమన్నాడు. చాలాసేపటికి, "సోమారం పోదాం" అన్నాడు. "కాని ఆదివారం నేను సాక్ష్యం వాపసు తీసుకోవాలె. అబద్ధం మీద పండుకొని కోయించుకోలేను."

ఆదివారం పాట అయిపోగానే అబ్బయ్య లేచాడు. సామ్యేలుగారు కంగారుగా, "క్లుప్తంగ చెప్పు బ్రదర్" అన్నారు. అబ్బయ్య దగ్గి, మొదలుపెట్టాడు. క్లుప్తంగా ఏమీ చెప్పలేదు. చిదంబరం పొట్లాలు మింగానన్నాడు. మే నుంచి రక్తం పోతోందన్నాడు, గుడ్డ పెట్టుకుని వచ్చి అబద్ధం చెప్పానన్నాడు. జిగట, పెన్సిలు, ఏదీ దాచలేదు. డాక్టరు వేలు పెట్టి చూశాడన్నాడు. రేపు కోస్తారు, ఇక్కడి నుంచి సంచి వేస్తారు అని చొక్కా మీద చెయ్యి పెట్టి చూపించాడు. "నా మాట నమ్మి ఎవరన్న దవాఖానకు పోవుడు బంద్ జేసుంటే, రేపే పోండ్రి. నేను మీకు తప్పు జేసిన" అని కూర్చున్నాడు.

ఆడవాళ్ళ వైపు కొంగులన్నీ ముక్కుల మీదికి పోయాయి. ఒకావిడ పిల్లలను లాక్కుని బయటికి నడిచింది. "ఆరాధనల గివేం మాటలు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. పాస్టరుగారు ఏ వాక్యమూ చదవకుండా ఆశీర్వాదం చెప్పి ముగించేశారు. బయట చెప్పుల దగ్గర ఒక్కరు కూడా అబ్బయ్య చెయ్యి పట్టుకుని వందనాలు అనలేదు. నాలుగు కూటాల్లో అబద్ధం చెబితే ఆమెన్ అన్న నోళ్ళు ఇవే. దానమ్మకు ఆ గుమ్మంలో నిలబడినవాళ్ళందరి మీదా రోత పుట్టింది, ఒక్క మొగుడి మీద తప్ప. ఏడాదిలో మొదటిసారి ఆయన చెయ్యి పట్టుకుని వీధి వెంట నడిచింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆటో గుమ్మం ముందుకు వచ్చింది. దానమ్మ బట్టల సంచి, ఫ్లాస్కు లోపల పెట్టి, అబ్బయ్యను మెల్లగా ఎక్కించింది. తాళం వేసి తిరిగేసరికి సామ్యేలుగారు నిలబడి ఉన్నారు, చంకలో బైబిలుతో.

ఈయన మొహం చూస్తేనే దానమ్మకు ఒళ్ళు మండింది. "ప్రార్థన దవాఖానల జేసుకుంటం అయ్యగారు. మీటరు తిరుగుతుంది."

ఆయన కదల్లేదు. వీధిలో అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "దానమ్మా, నాక్కూడ ఉంది."

"ఏముంది?"

"నువ్వా రోజు టీపాయ్ మీద పెట్టింది."

దానమ్మ ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ఏడాదిన్నర అయితుంది. అబ్బయ్యకన్న ముందు నుంచే. ఇంట్ల ఆమెకు గూడ తెల్వదు. పాస్టరే ప్రార్థన చేసుకుని బాగుపడలేదంటే ఇంకెవరు నమ్ముతరు?" ఆయన బైబిలును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. "అబ్బయ్య సాక్ష్యం విన్న రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నిసార్లు విన్నా చాలకపోయేది. అందుకే తిప్పిన, ఆ ఊళ్ళన్నీ. ఆయన కోసం కాదు."

చెంప పగలగొట్టాలనిపించింది దానమ్మకు. తన మొగుణ్ణి మందుగోళీలాగా వాడుకున్నాడు ఈయన. ఆ రోజు గదిలో నిజం తెలిశాక కూడా చప్పుడు చేయొద్దన్నాడు. ఛీ, మనిషా! ఆ తిట్టు నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా ఆయన చొక్కా కాలరు మెడకు రెండు వేళ్ళు వదులుగా వేలాడుతోంది. దానమ్మ ఆ కాలరు వైపు చూసింది, తిట్టు మింగేసింది.

"వేలు వెట్టి సూడాలె అయ్యగారు. అర నిమిషం. ఇయ్యాలనే."

సామ్యేలుగారు ఆటోలోకి వంగి, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అబ్బయ్యను అడిగారు.

"నొప్పి ఉంటదా?"

అబ్బయ్య దగ్గి, సీటు మీద ఒక పక్కకు జరిగాడు.

"నొప్పి లేదు అయ్యగారు, సిగ్గు ఉంటది" అన్నాడు. "రాండ్రి, ఎక్కుండ్రి."